పెట్టుడు పన్ను పలకదు

మొన్న కడపలో నా పాత గిటారుకు మెడ మీది లోహపు ఫ్రెట్లు మార్పించాల్సి వచ్చింది. దుకాణమాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తీగెలు బిగించే తలకాయ దగ్గర ఆగి, "ఎలుక కొరికిందా మేడమ్?" అని అడిగాడు. కాదు, మనిషి కొరికాడని చెప్పాను. పరాచికమనుకుని నవ్వాడు. తలకాయ అంచున చెక్కలోకి దిగిన ఆ నాలుగు చిన్న గుంటలు నిజంగానే ఒక మనిషి ముందరి పళ్ళ గుర్తులు. ఆ తర్వాత అతను పాత ఫ్రెట్లు ఒక్కొక్కటే ఊడబీకి, ఖాళీ అయిన గాడుల్లోకి ఫోను లైటు వేసి చూశాడు. లోపల ఎక్కడా బంక మరకైనా లేదు, ఇంత శుభ్రంగా ఎవరు చేశారని అడిగాడు. చేసినాయన పోయి ఏడాది దాటింది. ఆయన గురించి ఎవరూ ఎక్కడా రాసి ఉండరు. రాయాలంటే నేనే రాయాలి.

కర్నూల్లో ఒక ప్రైవేటు బడిలో సంగీతం చెప్పే రోజుల్లో ఆయన పరిచయమయ్యాడు. మే నెల ఎండలో గిటారును కారులో వదిలేసి ఏదో పెళ్ళికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మెడ మీద వేళ్ళు ఆడే నల్ల పలక, కింద ఉన్న బంక కరిగి, ఎండబెట్టిన అప్పడంలా లేచి కూర్చుంది. బడి వాచ్‌మన్ చూసి, వన్‌టౌన్‌లో పండ్లాయన దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. పండ్లాయనకూ గిటారుకూ ఏం సంబంధమని అడిగే తెలివి నాకు లేకపోయింది. అక్కడున్న బత్తాయి బండ్ల వాళ్ళందరినీ గిటారు బాగుచేస్తారా అని అడుగుతూ పోయాను. చివరికి ఒక ముసలాయన జాలిపడి, "ఆ పండ్లు కాదమ్మా, ఈ పండ్లు" అని నోరు తెరిచి తన పళ్ళు చూపించాడు. మా సీమలో పన్నుకు బహువచనం పండ్లే. కడపలో పుట్టి పెరిగి కూడా నాకు తట్టలేదు.

ఆయన వృత్తి పళ్ళ సెట్లు కట్టడం. పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రికి వెనకవైపున ఒక గది, దాని వెనకే ఆయన ఇల్లు. గది గోడల పొడుగునా ప్లాస్టర్ దవడలు బారులు తీరి ఉండేవి. ఆయుధపూజ నాడు వాటన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టి దండం పెట్టుకునేవాడు. తెలియక ఆ రోజు లోపలికి వచ్చిన రోగులు కొందరు అటునుంచి అటే వెళ్ళిపోయారని డాక్టరమ్మ వాపోయేది.

మనిషి కనబడితే ముందు నోరు చూసేవాడు. పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. మా ప్రిన్సిపాలు ఆయన లెక్కలో "ముందర సందున్నాయన". నేను చాలాకాలం "పన్ను మింద పన్నున్న టీచరమ్మ"ను. గొప్పలు చెప్పుకోవడంలో ఎవరికీ తీసిపోడు. ఎన్నికల రోజుల్లో ఆయనతో వీధిలో నడవడం ఒక శిక్ష. ఫ్లెక్సీ కట్టిన ప్రతిచోటా ఆగి, చేతులు జోడించిన నాయకుని నోటి దగ్గర మొహం పెట్టి, ఇది నా చేతి పనే అనో, ఇది ఎవరో హైదరాబాదులో కట్టినది, గట్టిగా నవ్వితే జారిపోతుంది అనో తీర్పు చెప్పేవాడు. పార్టీలతో ఆయనకు నిమిత్తం లేదు.

ఆయనకు చెవులు వినపడవు. సొంతూరు మంత్రాలయం పక్క పల్లె. చిన్నప్పుడు తుంగభద్రలో ఈతలు కొట్టి కొట్టి రెండు చెవులకూ చీము పట్టిందట. లోపలి నరం బాగానే ఉంది, బయటి దారే మూసుకుపోయిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. చెవిమిషను పెట్టుకుంటే మళ్ళీ చీము కారేది, దాన్ని తీసి అవతల పారేశాడు. దగ్గరికి వచ్చి అరిస్తే కొంత వినపడేది. మిగతాది ఎదుటివాళ్ళ నోరు చూసి గ్రహించేవాడు.

మరి చెవిటి మనిషికి గిటారు ఎట్లా పట్టుబడిందంటే, అదీ పళ్ళ పుణ్యమే. చర్చిలో గిటారు వాయించే ఆయనొకరు, గిటారులో విరిగి ఇరుక్కున్న మరమేకును ఆసుపత్రిలోని సన్న డ్రిల్లుతో తీయించుకోడానికి వచ్చాడు. మర తీశాక కొత్త తీగె ఎక్కించేటప్పుడు చేతులు చాలక ఈయన తీగె కొసను పళ్ళతో పట్టుకున్నాడు. అవతలాయన అలవాటు కొద్దీ మీటాడు. "నా తలకాయ లోపల్నే ఎవురో కూసోని వాయించినట్లాయ టీచరమ్మా" అని ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఈయన బుగ్గల మీద చేతులు పెట్టుకునేవాడు. మూసుకుపోయిన చెవులతో పని లేకుండా శబ్దం పళ్ళలోంచి ఎముకలోకి, ఎముకలోంచి లోపలి నరానికి చేరుతుంది. అది తెలిశాక ఆయన ఊళ్ళో ఉన్న గిటార్లన్నీ తన దగ్గరికే రప్పించుకున్నాడు.

బాగుచేసిన ప్రతి గిటారునూ తలకాయ దగ్గర పళ్ళతో పట్టుకుని, వాయించమని చేత్తో సైగ చేసేవాడు. కళ్ళు మూసుకుని వినేవాడు. ఎక్కడ తేడా ఉంటే అక్కడ వేలు పెట్టేవాడు. కర్నూలు చర్చిల్లో ఆ పంటి గుంటలు లేని గిటారు దొరకడం కష్టం. చెవిటివాని ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకలేక అవస్థ పడుతున్నాడనుకున్నాడట. సామెతలో ఊదేవాడు ఊదేవాడే, చెవిటివాడు చెవిటివాడే. మా పండ్లాయన దగ్గర కొరికే పని కూడా చెవిటివానిదే అయింది.

చెవుడున్నవాళ్ళు గట్టిగా మాట్లాడతారని అందరూ అనుకుంటారు. ఈయన గొంతు గుసగుసకు కొంచెం ఎక్కువ. తన మాట తన ఎముకల్లో తనకు పెద్దగా వినపడుతుందట, అందుకని తగ్గించుకునేవాడు. ఇంట్లో అరిచే పనంతా ఆయన భార్యది. నేను ఆయన్ను అన్నా అని, ఆమెను వదినా అని పిలిచేదాన్ని. అన్నం వడ్డించానని అరవాలి, మాత్ర వేసుకోమని అరవాలి, బంధువులు వచ్చారని అరవాలి. ఆ ఇంట్లో ఏ పూట ఏ కూరో సందంతటికీ తెలుసు. ఆయన బదులు మాత్రం గడప దాటేది కాదు. దాంతో వినేవాళ్ళకు, నోరులేని మొగుణ్ణి పొద్దస్తమానం సాధించే గయ్యాళి ఇల్లాలు ఒకతె ఆ ఇంట్లో ఉన్నట్టు తోచేది. వదినకు ఆ పేరే స్థిరపడింది. అరిచి అరిచి అదే అలవాటై, చెవులు బాగున్న నాతోనూ అరిచే మాట్లాడేది. ఆమెను గయ్యాళి అన్నవాళ్ళతో నేను ఒకటి రెండుసార్లు తగువు పెట్టుకున్నాను కూడా.

నా గిటారుకు కొత్త పలక వేయడానికి ఆయన మూడుసార్లు తిప్పలు పడ్డాడు. పలకలో అడ్డంగా సన్నటి గాడులు కోసి, వాటిలో ఫ్రెట్లనే లోహపు తీగముక్కలను దిగ్గొడతారు. వాయించేవాళ్ళకు గుర్తుగా గాడుల మధ్య తెల్ల చుక్కలు పొదుగుతారు. ఆయన ఫ్రెట్లను పండ్లనీ, గాడులను చిగుర్లనీ, చుక్కలను బొట్లనీ అనేవాడు. ఆత్మకూరులో దొరికిన పాత జిట్రేగి చేవకర్ర మంచం పట్టె నుంచి పలక కోసి, నున్నటి బేతంచెర్ల బండ మీద ఉప్పుకాగితం పరచి సాపు చేశాడు. బొట్లకు సెట్లలో వాడగా మిగిలిన పెట్టుడు పళ్ళను అరగదీశాడు. నా గిటారు మెడ మీద ఎవరెవరో ముసలివాళ్ళ నోళ్ళలో ఉండాల్సిన దంతాలు చేరాయని నేను ఎగతాళి చేస్తే, వాళ్ళకన్నా నువ్వే మేలుగా వాడుకుంటావులే అన్నాడు.

మొదటిసారి బంక మోసం చేసింది. బొట్టు కూర్చోబెట్టడానికి పోసిన నీళ్ళలాంటి బంక పొంగి, పక్కనున్న గాడుల్లోకి పాకి, చూస్తుండగానే రాయైపోయింది. ఆయన లెక్కచేయక సుత్తితో ఫ్రెట్లు దిగ్గొట్టి, గిటారు కొరికి, వాయించమన్నాడు. నా చెవికి బాగానే ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చెక్కలో దిగిందే పలుకుతాది. ఇది బంక మింద కూసోనుండాది. పెట్టుడు పన్ను. పెట్టుడు పన్ను పలకదు టీచరమ్మా."

పెట్టుడు పళ్ళు కట్టి బతికే మనిషి నోట ఆ మాట నాకు వింతగా తోచింది. కానీ ఆయన కంటే ఆ సంగతి ఎరిగినవాళ్ళు ఎవరు? సెట్టు చిగురు మీద కూర్చుంటుంది, ఎముకలోకి దిగదు. నమలడానికి పనికొస్తుంది, శబ్దం దాని దగ్గరే ఆగిపోతుంది. సెట్టు పెట్టుకున్న ముసలాయన ఒకరి చేత గిటారు కొరికించి కూడా చూశాడట. ఆ ముసలాయన మంచివాడు కాబట్టి సరిపోయింది.

రెండోసారి గాడుల్లో మైనం నింపాడు. పళ్ళ సెట్లకు ముందు మైనంతో నమూనా చేస్తారు కదా, ఆ గులాబీ రంగు మైనమే. కరిగించి చుక్కచుక్కగా గాడిలో పోస్తే, బంకకు అక్కడ చోటు ఉండదు. ఉపాయం పారింది. బొట్లన్నీ కుదురుకున్నాయి, గాడిలోకి బంక పోలేదు. ఇక మైనం తీయాలి. సెట్ల పనిలో మైనం పోగొట్టాలంటే అచ్చు మీద మసలే నీళ్ళు పోస్తారు. ఏళ్ళ తరబడి చేసిన చెయ్యి, ఆలోచించకుండా కెటిల్ అందుకుంది. మైనం బ్రహ్మాండంగా కరిగిపోయింది. పలక మాత్రం సాయంత్రానికి వానలో నానిన చెప్పులా రెండు కొసలూ పైకి లేపింది. కట్టెకు నీళ్ళు కాంచి పోస్తారా అని వదిన అరిచిన అరుపుకు, పలక ఉడికిందా అన్నా అని సందులో వాళ్ళు చాన్నాళ్ళు ఆయన్ను పలకరించారు. తప్పు ఆత్మకూరు కట్టెదే అని ఆయన చివరిదాకా వాదించాడు.

మూడోసారి ఆయన పని చేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. గాడి నిండా మైనం పోసి, ఆరాక పైకి ఉబికిన దాన్ని బ్లేడుతో గీకేశాడు. బొట్టు కూర్చునే గుంటను స్పిరిట్ గుడ్డతో మళ్ళీ మళ్ళీ తుడిచాడు. మైనం అంటిన చోట బంక పట్టదు, రేపో మాపో బొట్టు రాలిపోతుంది. బంక ఆరి, పైన అరగదీయడం అయ్యాక, సన్నటి కత్తిని కొంచెమే వెచ్చచేసి గాడి వెంట లాగితే మైనం సేమ్యా పోగులా మెలికలు తిరుగుతూ బయటికి వచ్చింది. నేను మొదట నేర్చుకున్నది వీణ. వీణ మెట్లను మైనంలోనే కూర్చోబెడతారు, ఎల్లకాలం దానిలోనే ఉంటాయి. గిటారుకు మైనం కాపలా కాసి వెళ్ళిపోవాలి. ఆ మాట చెబితే ఆయనకు నచ్చలేదు. వీణ ఎప్పుడూ ఆయన పళ్ళకు చిక్కలేదు మరి. కొరకనిచ్చే వైణికులు ఎవరుంటారు?

ఆ రోజు ఫ్రెట్లన్నీ చెక్కలోకి దిగాయి. ఆయన కొరికి, విని, తల నిలువుగా ఊపాడు. కడప దుకాణంలో ఎలుక పనిగా తేలిన గుంటలు అవే.

నేను కడపకు మారిపోయాక కూడా గిటారు పని ఉంటే కర్నూలే వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఆయన నోట్లో ఒకటో రెండో తక్కువయ్యేవి. చక్కెర జబ్బు చిగుళ్ళను తినేస్తోంది. ఉన్నవి కాపాడుకోడానికి ఆయన నమలడం మానేశాడు. సంగటి ముద్ద మింగేవాడు, జొన్నరొట్టెను పాలలో నానబెట్టుకునేవాడు, మెత్తటి బొరుగుల ఉగ్గాని తిని బజ్జీ పక్కకు నెట్టేసేవాడు. ఎందుకన్నా ఈ అవస్థ, పళ్ళ సెట్లు కట్టే చేతులు నీవే కదా అన్నాను. "తిండికి చిగుర్లు చాలు. పండ్లుండేది వినేకి" అన్నాడు. తనకోసం ఒక సెట్టు కట్టుకోనైతే కట్టుకున్నాడు. డాక్టరమ్మ పోరు పడలేక చేసిన ఆ సెట్టును నోట్లో పెట్టుకోలేదు, వచ్చినవాళ్ళకు చూపించి గొప్పలు పోవడానికి వాడుకున్నాడు.

చివరికి నోరంతటికీ పై వరసలో ఒక్క కోరపన్ను మిగిలింది.

ఒకనాడు వదిన ఫోను చేసింది. ఫోనులోనూ అరుపే, చెవికి దూరంగా పెట్టుకుని విన్నాను. ఆ కోరపన్ను మొదలు దగ్గర చీము పట్టి దవడ వాచింది, జ్వరం దిగడం లేదు, చక్కెర దిగడం లేదు. చీము నెత్తుట్లో కలిస్తే మనిషి దక్కడని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. ఈయన పీకించుకోనని మొండికేశాడు. "నా మాట ఇనే చెవులు యాడుండాయమ్మా ఆయప్పకు. నువ్వొచ్చి చెప్పు" అంది. అప్పటికే నా రెండో గిటారు కొత్త పలక కోసం ఆయన దగ్గరే ఉంది. మరునాడు పొద్దున్నే బస్సెక్కాను.

దవడకు తువ్వాలు కట్టుకుని, బల్లకు వేసిన బేతంచెర్ల బండ ముందు కూర్చుని ఉన్నాడు. నొప్పిని పంటి బిగువున ఓర్చుకున్నాడని రాస్తుంటాం. ఆ బిగువుకు ఆయన దగ్గర ఉన్నది ఒక్క పన్ను, అదే నొప్పి. ఎదురుగా కూర్చుని, నా నోరు కనపడేట్టు, పీకించుకోమని చెప్పాను. ఆయన బండను అరచేత్తో నిమిరాడు.

"ఇది పాయనంటే నాకు అంతా పాయ. తెలిసే చెప్తాండావా?"

తెలిసే చెబుతున్నానన్నాను. ఇకమీదట నీ బదులు నేను విని చెబుతానన్నాను. నీ చెవిని నమ్మితే ఊళ్ళో గిటార్లన్నీ నా మీదికి వస్తాయి అన్నాడు. కాసేపటికి తనే బేరం పెట్టాడు. ఈ గిటారు ముగించి, ఒకసారి విని, అప్పుడు పీకించుకుంటాడు. వదిన తిట్టింది, నేను సరేనన్నాను. ప్రాణం మీదికి వచ్చిన మనిషితో అట్లాంటి బేరానికి ఒప్పుకోవచ్చా అంటే, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ క్షణాన కాదనలేకపోయాను.

గాడులు కోయడం, గుంటలు తవ్వడం ముందే అయిపోయింది. మైనం పోశాడు, గీకాడు, తుడిచాడు. బంక చుక్క వేసి బొట్లు పెట్టాడు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా ఒక్క బొట్టూ పక్కకు జరగలేదు. మైనం పోగులు లాగి, ప్రతి గాడిలోకీ భూతద్దం పెట్టి చూసి, ఫ్రెట్లు దిగ్గొట్టి, నా చేత తీగెలు ఎక్కించేసరికి మధ్యాహ్నం తిరిగింది.

వాచిన దవడతో గిటారును ఎత్తి పట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. వదిన పాత చీర మడత వేసి బండ మీద పరిచి, దాని మీద గిటారును వెల్లకిలా పడుకోబెట్టాం. ఆయన స్టూలు మీద కూర్చుని, తలకాయ అంచును కోరపన్నుకూ కింది చిగురుకూ మధ్య ఇరికించుకున్నాడు. ఎప్పుడూ గిటారును ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని వాయించేదాన్ని, ఆ రోజు దాని మీదికి వంగాల్సి వచ్చింది. ఒక్కో ఫ్రెట్టు మీద వేలు పెట్టి మీటాను. ఏడోదాని దగ్గర వేలెత్తాడు. మళ్ళీ మీటాక సరేనని తలూపాడు. అన్నీ అయ్యాయి. ఆయన కళ్ళు తెరవలేదు, వదలలేదు. కంటి కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి, నొప్పికో మరి దేనికో. వంగిన తల ఎత్తకుండానే, నాలో నేను అనుకున్నట్టు, ఇంక చాలన్నా, నొప్పి పెడుతుంది అన్నాను. నా నోరు గిటారు గుండ్రటి రంధ్రానికి బెత్తెడు దూరంలో ఉంది.

ఆయన కళ్ళు తెరిచి గిటారును వదిలాడు.

"నొప్పి పెడ్తాదనింటివే?"

అవునన్నాను.

"నేను నీ నోరు సూడలేదు. నాకు ఇనపడింది."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అన్నేళ్ళు, అన్ని గిటార్లు, ఎవరికీ తోచలేదు. తోచే వీలు ఏది? గిటార్లు ఈ గదిలో, వదిన ఆ వంటింట్లో. ఆయన మొహం తుడుచుకుని, మీ వదినను పిలువు అన్నాడు.

వదిన ఏమైందంటూ అరుచుకుంటూనే వచ్చింది. నేను చెప్పాను. ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక సిగ్గుపడి గడప దగ్గరే నిలబడిపోయింది. చెక్కబొక్కలో మాట్లాడేదేంది, ఏం మాట్లాడల్ల అని గొణిగింది. ఆయన ఆమె నోటినే చూస్తూ ఉన్నాడు.

"అరవాకు. పెండ్లి కాకముందర మీ అమ్మతో మాట్లాడ్తాంటివే, అట్ల మాట్లాడు" అన్నాడు.

మళ్ళీ తలకాయ అంచును పన్నుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వదిన నా వైపు చూసింది. నేను గోడ మీది దవడల వైపు తిరిగి నిలబడ్డాను. ఆమె వంగిన అలికిడి, గాజుల చప్పుడు వినపడ్డాయి. తీగెలు సన్నగా రొద పెట్టాయి. మాటలేవీ నా దాకా రాలేదు. మూడు బారల గదిలో వదిన మాట నాకు వినపడకపోవడం అదే మొదటిసారి. ఆగింది. మళ్ళీ చెప్పమని ఆయన చెయ్యి ఊపి ఉంటాడు, తీగెలు మళ్ళీ రొద పెట్టాయి. ఈసారి చాలాసేపు.

ఆ తర్వాత ఆయన గొంతు వినపడింది. ఎప్పటిలాగే తగ్గు గొంతు.

"ఇంత మెత్తని గొంతు పెట్టుకోని, ఇన్నేండ్లు ఏంటికే అట్ల అరిసినావు?"

మరునాడు పొద్దున డాక్టరమ్మ ఆ పన్ను తీసేసింది.